ఉప్పు పడ్డాక ఆకు ఆగదు

పొద్దున ఆరింటికి సోలాపూర్ బస్టాండులో దిగగానే ముఖానికి చలిగాలి, చెవికి మరాఠీ తగులుతాయి. మీరూ మరాఠీలోనే మొదలుపెట్టి, "కొంతం చౌక్" అనండి. ఆటోవాలా బండి తీసే ముందు మిమ్మల్ని కిందినుంచి మీదికి ఒకసారి చూస్తాడు. "ఏ ఊరు మీది? సిరిసిల్లనా, జగిత్యాలనా?" అంటాడు తెలుగులో. ఆ ప్రశ్న దగ్గరే మనం సగం దూరం వచ్చేసినట్టు.

డిసెంబరు నెల. సంక్రాంతికి జరిగే సిద్ధేశ్వర జాతరకు ఇంకా నెల ఉంది. చౌక్‌లో దుకాణాల షట్టర్లు ఇంకా లేవలేదు. చాయ్ బండి దగ్గర నలుగురు నిలబడితే నాలుగు భాషలు వినబడుతున్నాయి: తెలుగు, మరాఠీ, కన్నడం, దక్కనీ ఉర్దూ. మాట్లాడేవాళ్లు నలుగురే, ఒక్కొక్కరూ నాలుగూ మాట్లాడుతున్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపునుంచి పద్మశాలీలు తరాల కిందట ఇక్కడికి నడిచొచ్చారు. 1870ల్లో మొదలైన జూనీ మిల్లు, దాని వెనక వరసగా వచ్చిన మిల్లులు వాళ్లను పిలిచాయి. మిల్లులు పోయాయి, మనుషులు మిగిలారు. మిల్లు ఇంట్లోకి వచ్చింది. ఈ గల్లీలో ఏ గోడకి చెవి పెట్టినా లోపల సాంచె, అంటే మరమగ్గం, కొట్టుకుంటూ ఉంటుంది.

నా వెనకే రండి. చెప్పులు గడప బయట వదలండి. ఇది మా మేనత్త ఇల్లు. కింద నాలుగు సాంచెలు, మీద కాపురం. మెట్లు ఇరుకు, తల వంచండి. మెట్ల మీద, రెయిలింగు మీద, దేవుడి పటం అంచున కూడా తెల్లటి నూలు దుమ్ము. ఎంత తుడిచినా మధ్యాహ్నానికి మళ్లీ పేరుకుంటుంది.

వంటింట్లోకి రాగానే మీ కళ్లు పడేది పొయ్యి మీద కాదు, కిటికీ ఊచకు వేలాడుతున్న మూట మీద. తెల్లని గుడ్డ, తాడుతో బిగించి ఉంది. కింద స్టీలు గిన్నె. గిన్నెలో పచ్చగా పలచని నీళ్లు. నిన్న పొద్దున లీటరున్నర పెరుగులో చెంచాడు ఉప్పు కలిపి కట్టారు. పూట పూటకీ తాడు ఇంకో మెలిక తిప్పారు. ఈ చలిలో కాబట్టి రోజంతా వేలాడినా పులిసిపోలేదు. మరాఠీవాళ్లు దీన్ని చక్కా అంటారు. చక్కెర కలిపితే శ్రీఖండ్. ఉప్పు వేసి ఇంకా గట్టిపడనిస్తే, అరబ్బు దేశాల్లో లబ్నే అని పిలిచే మెత్తని చీజ్.

ఇదంతా ఎవరి పని అంటారా? మా బావ కూతురు. పుణెలో హోటల్ వంట నేర్చుకుంటోంది. సెలవులకు వచ్చింది. వచ్చిన రోజే చెప్పింది, ఈసారి ఇంటిల్లిపాదికీ ఒక సలాడ్ చేసి పెడతానని. చేదు ఆకులు, పండు, చీజ్. వాళ్ల క్లాసులో తెల్లని పెద్ద పళ్లెంలో, ఒక పక్కగా, ఎత్తుగా పేర్చి నేర్పారట. ఆకు పేరు ఆరుగులా, చీజ్ పేరు ఫేటా, మధ్యలో పియర్ పండు ముక్కలు.

"చీజ్ అంటే?" అని అత్త అడిగింది.

"జున్ను బాపమ్మా."

"జున్నా? ఎవలింట్ల ఈనింది?"

ఆ పిల్ల తప్పేం లేదు. తెలుగు పత్రికల్లో మనమే చీజ్‌కి జున్ను అని రాసి ఊరుకుంటాం. అత్తకి జున్నంటే ఈనిన గేదె మొదటి పాలు, బెల్లం, మిరియాల పొడి, ఆవిరి. ఇక్కడి మరాఠీ ఇళ్లలో దాన్నే ఖర్వస్ అంటారు. ఆవిరి తగిలితే ఆ పాలు వాటంతటవే గడ్డకడతాయి, చీజ్‌ని మనం గడ్డకట్టించాలి. మాట ఒకటే పెట్టుకుని రెండు వస్తువులను పిలుస్తుంటే అత్త అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న.

ఆరుగులా కోసం నిన్న సాయంత్రం వెతికారు. దొరికింది ఒక పెద్ద దుకాణంలో ప్లాస్టిక్ డబ్బాలో, సగం నల్లబడి. డబ్బా ధర విని అత్త దాన్ని తిరిగి అరలో పెట్టేసి, "పొద్దుగాల మండైకి పోదాం పా" అంది. అందుకే ఇంత పొద్దున్నే మనం.

*

లక్ష్మీ మండై. సోలాపూర్ పాత కూరగాయల మార్కెట్. లోపలికి వెళ్లేముందే వాసన వస్తుంది: తడి గోనె, కొత్తిమీర వేళ్ల మట్టి, ఎక్కడో నలిగిన జామపండు. అత్త ముందు నడుస్తోంది, చేతిలో పాత టవల్‌తో కుట్టిన సంచి. వెనక మనవరాలు. ఆ వెనక మీరూ నేనూ.

చేదు ఆకు కావాలంటే ఈ ఊళ్లో కొదవ లేదు. మొదటి గంప మెంతి. చలికాలం మెంతి, చిన్నాకు, కాడ ఎర్రగా. అత్త కట్టను పట్టుకుని చూడదు, కట్టలోకి వేలు దూర్చి మధ్య ఆకు ఒకటి తెంపి నోట్లో వేసుకుంటుంది. తల అడ్డంగా ఊపింది. రెండో గంప. మళ్లీ ఒక ఆకు. ఈసారి ఊపలేదు. మూడు కట్టలు.

"అన్నీ చేదే గదా అత్తా, ఏం తేడా?" అన్నాను.

"ముదిరిన చేదు గొంతుల పడి ఆడ్నే ఉంటది. లేత చేదు నాలుక మీద వచ్చి పోతది. పోయేది కావాలె."

నేల మీద గోనె పరిచి కూర్చున్న ఒక ముసలామె ముందు అత్త ఆగింది. ఆమె దగ్గర అమ్మేది పండించిన కూర కాదు, పొలం గట్లమీద ఏరుకొచ్చినది. పల్లెటూరి మరాఠీలో ధర చెప్పింది. నేలకు అంటుకుని చుట్టూ పరుచుకునే ఆకు, అంచులు రంపంలా. మరాఠీలో పాథరీ. జొన్నరొట్టెలో పచ్చిగానే పెట్టుకు తింటారు. అత్త ఒక ఆకు విరిచి మనవరాలికి చూపించింది. విరిచిన చోట పాలచుక్క.

మనవరాలు ఆ చుక్కను చూసి ఎగిరినంత పని చేసింది. "మామా, లెట్యూస్ అనే పేరే లాటిన్‌లో పాలు అనే మాటలోంచి వచ్చింది. కాడ విరిస్తే పాలొస్తాయని. ఇది అదే కుటుంబం!" అని, పాథరీకి ఫోనులో ఫొటో తీసింది. పుణెలో డబ్బాలో పెట్టి అమ్మే లెట్యూస్‌కి దాయాది ఇక్కడ గోనె మీద పడి ఉంది. ముసలామె, తన ఆకుకు ఎందుకు ఫొటో తీస్తున్నారో అర్థంకాక, చీర కొంగు సర్దుకుంది.

పండు దగ్గర చర్చే లేదు. సోలాపూర్ జిల్లాకు వచ్చి పియర్ పండు కొనేవాడెవడు? మెట్ట నేల, తక్కువ వాన. ఆ రెండిటికీ ఓర్చుకునే దానిమ్మ ఈ జిల్లాను పట్టుకుంది. దేశంలోని దానిమ్మ జాతీయ పరిశోధన కేంద్రం కూడా ఇక్కడే, ఊరి బయట కేగావ్‌లో, 2005లో పెట్టారు. బండి మీద గుట్టగా పోసింది భగవా రకం. తొక్క కుంకుమ రంగు, గింజ రక్తం రంగు, కొరికితే లోపలి పలుకు మెత్తన. దానికి ముందు తోటల్లో ఎక్కువగా గణేశ్ రకం. లేత గులాబి గింజ, తీపెక్కువ. ఈ పనికి భగవానే మేలు. చేదు పక్కన నిలబడాలంటే పండులో తీపితోపాటు కాస్త పులుపు కూడా ఉండాలి.

మంచి దానిమ్మను ఎలా గుర్తుపట్టాలో మీరూ నేర్చుకోండి. నున్నగా గుండ్రంగా ఉన్నది పక్కన పెట్టండి. లోపల గింజలు నిండి నెట్టితే తొక్కకు పలకలు వస్తాయి. పలకలు తేలినది చేతిలోకి తీసుకుంటే చూపుకన్నా బరువుంటుంది. అత్త రెండు తీసుకుంది. దోరజామకాయలు నాలుగు, నిమ్మకాయలు మూడు. గానుగ దుకాణంలో పావుకిలో కుసుమ నూనె. మరాఠీలో కరడీ తేల్. నల్లరేగడిలో యాసంగి జొన్న పక్కన ముళ్లతో పెరిగే కుసుమ ఈ వైపు పాత పంట. దానికి ఘాటు వాసన లేదు, ఆకు రుచిని మింగదు.

*

తొమ్మిది దాటింది. ఎండ వంటింటి గడప దాకా వచ్చింది. అత్త గోడకు ఆనుకుని, కాళ్లు చాపి, ఒళ్లో చాట పెట్టుకుంది. చాటలో మెంతికట్ట విప్పింది.

ఇక్కడ కాసేపు కూర్చోండి. ఈ చేతుల్ని చూడండి.

ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు కాడను పట్టుకుంటాయి. కుడిచేతి గోరు తాకీ తాకనట్టు తాకుతుంది. మూడాకుల గుత్తి రాలి చాటలో పడుతుంది. కాడ పక్కకు పోతుంది. చూపు చాట మీద లేదు, వీధిలోకి ఉంది. నోరు మాట్లాడుతోంది. వేళ్లు మాత్రం ఆగవు. మనవరాలు ఒక కాడ దూసేలోపు అత్తవి ఆరు.

నలభై ఏళ్లు బీడీలు చుట్టిన చేతులవి. ఈ ఊళ్లో మగవాళ్లు సాంచెల దగ్గరికి, ఆడవాళ్లు చాట దగ్గరికి. రాత్రి తునికాకు నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి, తెల్లారి రేకు కొలత పెట్టి కత్తెరతో కత్తిరించడం. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టడం. ఇరవై అయిదు ఒక కట్ట. రోజుకు వెయ్యి చుట్టాలని పొద్దుతో పోటీ పడేది. చాట మీద వంగిన మెడ పొయ్యి మీద కూర మాడిన వాసన వస్తేనే లేచేది.

"ఆకు చింపకుంట తెంపుడు నాకు ఒకలు నేర్పాల్నా?" అని నవ్వింది. నవ్వి, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. ఇప్పుడు చుట్టడం మానేసి పదేళ్లు దాటింది. అలవాటు మాత్రం పోలేదు.

ఆ అలవాటు కథ మా బావ చెబుతాడు. చిన్నప్పుడు అమ్మ కలిపి ముద్ద పెడితే అన్నం చేదుగా ఉండేదట. చింతపండుతో రుద్దుకునేది, శనగపిండితో రుద్దుకునేది, నిమ్మచెక్కతో రుద్దుకునేది. తంబాకు చేదు గోటి సందుల్లో కూర్చుని ముద్దలోకి దిగేది. "పప్పన్నమంటే చేదుగనే ఉంటదనుకున్న నేను. దోస్తు ఇంట్ల తిన్నంక తెల్సింది కాదని," అంటాడు. అందుకే అత్త ఇవాళ చాట ఒళ్లో పెట్టుకునే ముందు మూడుసార్లు చేతులు కడిగింది, నిమ్మచెక్కతో ఒకసారి.

ఆకు దూయడానికి ఒక పద్ధతి ఉంది, చూశారు కదా. కత్తి లేదు. మెంతిని కత్తితో తరిగితే ఆకు నలిగి రసం కారుతుంది, చేదు పెరుగుతుంది. పాథరీని మాత్రం అత్త చేత్తోనే రెండుగా చింపుతోంది, పాలు కారే మొదళ్లు గిల్లి పారేస్తోంది. మూడు కడుగుళ్లు. మొదటి నీళ్లు మట్టి, రెండో నీళ్లు మసక, మూడో నీళ్లలో గిన్నె అడుగు కనిపించాలి. చివరిసారి మట్టికుండ రంజన్‌లోని చల్లనీళ్లలో పది నిమిషాలు. వాడిన ఆకు నీళ్లు తాగి నిటారుగా లేస్తుంది.

"ఇప్పుడు స్పిన్నర్ కావాలి," అంది మనవరాలు. గిర్రున తిప్పి ఆకు తడి విదిలించే ప్లాస్టిక్ గిన్నె. వాళ్ల వంటశాలలో ఉంటుందట. ఆకు తడిగా ఉంటే నూనె అంటదు, జారి అడుక్కి పోతుంది. సలాడ్‌కి మొదటి శత్రువు నీళ్లు.

అత్త ఆమె వంక జాలిగా చూసింది. "టవాలలూరికి వచ్చి తడి తుడుసుటానికి మిషిని అడుగుతున్నవా?"

మెట్లు దిగి రండి. బావ సాంచె దగ్గర ఉన్నాడు. నాలుగూ ఒక్కసారి కొడుతుంటే మాట వినబడదు, గుండెలో దడ వినబడుతుంది. ఆయన ఒకదాని దగ్గరికి మిమ్మల్ని పిలిచి వేలు చూపిస్తాడు. టెర్రీ టవల్‌కి పడుగులు రెండు. కింది బీము బిగువుగా, మీది బీము వదులుగా. పేక రెండుసార్లు పోతుంది, దువ్వెనలాంటి పన్నె ఆ రెండిటినీ గుడ్డ అంచుదాకా కొట్టకుండా కొంచెం ఎడంగా ఆపుతుంది. మూడో పేక పడగానే మూడింటినీ కలిపి గట్టిగా ఒక దెబ్బ. బిగువు పడుగు మీద అవి జారి ముందుకు పోతాయి. వదులు పడుగు ఎటూ పోలేక పైకి లేచి చిన్న ఉంగరం అవుతుంది. మూడు పేకలకు ఒక వరస ఉంగరాలు. ఆ ఉంగరాలే నీళ్లు తాగుతాయి. సోలాపూర్ దుప్పటికి, ఈ టవల్‌కి రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది.

బావ సాంచె మీదినుంచి కాకుండా, ఇంట్లో పదిసార్లు ఉతికిన టవల్ ఇచ్చాడు. కొత్త టవల్ నీళ్లు తాగదు. ఉతికేకొద్దీ దాహం పెరుగుతుంది. మనవరాలు ఆకును దాని మీద పలచగా పరిచింది, బొంతలా చుట్టింది, రెండు కొసలూ పట్టుకుని మేడ మీద గిర్రున తిప్పింది. విప్పితే టవల్ బరువు, ఆకు పొడి. ఒక్క ఆకూ నలగలేదు. "పుణెకు రెండు పట్టుకుపోత," అంది.

చక్కా మూటకు మాత్రం టెర్రీ పనికిరాదు. ఉంగరాల్లో పెరుగు ఇరుక్కుని గుడ్డే సగం తినేస్తుంది. అందుకే దానికి సాదా నేత, పాత ధోవతి ముక్క. ఏ గుడ్డ దేనికో ఈ ఇంట్లో వంటపుస్తకం చెప్పక్కర్లేదు.

*

పదకొండు. ఇప్పుడు రుచి చూసే వేళ.

నోరు తెరవండి. ఒక మెంతాకు, ఒక పాథరీ ముక్క, ఏమీ కలపకుండా. నమలండి. మొదట గడ్డి. తర్వాత నాలుక వెనక ఒక తీగ బిగుసుకుంటుంది. మొహం అదే ముడుచుకుంటుంది. మొక్క తనను తినబోయే పురుగుకు చెప్పే మాట అది: వెళ్లు. మెంతిలో చేదు ఎక్కువగా సాపోనిన్లది, పాథరీలో ఆ పాలది. పురుగులు విని వెళ్లిపోతాయి. మనిషి మాత్రం మొహం ముడుచుకుని ఇంకో ముక్క అడుగుతాడు.

ఇప్పుడు అదే ఆకు మీద రెండు ఉప్పు రవ్వలు. మళ్లీ నమలండి. తీగ వదులైంది కదా? ఉప్పు చేదును కడిగేయదు, నాలుకకు దాన్ని తక్కువ వినిపిస్తుంది. చేదు గొంతు తగ్గగానే అప్పటిదాకా దాని వెనక ఉన్న తీపి వినబడుతుంది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రంలో బ్రెస్లిన్, బోషాంప్ అనే ఇద్దరు 1997లో 'నేచర్' పత్రికలో చూపించింది ఇదే. మనవరాలి నోటుబుక్కులో ఆ మాట గీత గీసి ఉంది. కాకరకాయకు ఉప్పు పట్టించే ప్రతి ఇల్లూ దాన్ని వేరే నోటుబుక్కులో రాసుకుంది.

చీజ్ పని వేరు. దాని కొవ్వు నాలుక మీద పొర కడుతుంది. చేదు ఆ పొరను దాటి నెమ్మదిగా వస్తుంది. పండు పని ఇంకా వేరు. చేదును ఆపదు, దాని తర్వాత వస్తుంది. అందుకే ఈ మూడూ ఒకే పళ్లెంలో.

"ఇది పచడీయే గదా," అంది బావ భార్య, మా అక్క, అంతసేపూ వినీ వినీ. పక్కింటి మరాఠీవాళ్లు మెంతాకును పచ్చిగా ఉల్లిగడ్డతో, పల్లిపొడితో కలిపి జొన్నరొట్టెలో తింటారు. దాన్ని పచడీ అంటారు. మాట మన పచ్చడే. మనం రోట్లో వేసి నూరాం, వాళ్లు పచ్చిగా వదిలేశారు. సాంచె బందు చేసి వండుకునే తీరిక లేని పూట ఈ ఇంట్లోనూ అదే తిండి. మెంతాకు, ఉల్లిగడ్డ, పల్లిపొడి, రొట్టె. పొయ్యి వెలిగించే పని లేదు.

సరే, మరి సొగసు ఎక్కడుంది? మనవరాలు దానిమ్మ కోస్తోంది, చూడండి. కత్తి గింజను తాకదు. కిరీటం చుట్టూ తొక్క మీద మాత్రమే ఒక గుండ్రం గీత, మూత తీసేసింది. తెల్లని గోడలు నక్షత్రంలా కనిపిస్తున్నాయి. ఆ గోడల వెంబడే తొక్కకు ఆరు నిలువు గీతలు. రెండు బొటనవేళ్లతో విప్పితే పువ్వు విచ్చినట్టు ఆరు రెక్కలు. ఒక్క చుక్క కారలేదు. తెల్లపొర ముక్క ఒక్కటి ఉన్నా తీసేస్తోంది. దాని చేదు వగరు చేదు, మెంతితో పొసగదు.

జామకాయను గాజుముక్కలంత పలచగా కోసి నిమ్మరసం తాకించింది, నల్లబడకుండా. మూట విప్పింది. చక్కా ముద్ద తెల్లగా, దాని మీద ధోవతి నేత అచ్చు పడి ఉంది, పడుగూ పేకా లెక్కపెట్టొచ్చు. అత్తకు ఇచ్చింది. "చిన్న చిన్న ఉండలు బాపమ్మా. అన్నీ ఒక్క తీరు." అత్త అరచేతికి కుసుమ నూనె రాసుకుంది. గోలీకాయంత ముద్ద, మూడు చుట్లు, పళ్లెంలోకి. ముప్ఫై ఉండలు. తూచి చూసినా తేడా రాదు. సగం ఉండలు తెల్లగానే వదిలారు. సగం పల్లికారంలో దొర్లించారు. సోలాపూర్ షేంగా చట్నీ అది. వేయించిన పల్లీలు, ఎల్లిపాయ, ఎర్రకారం, జీలకర్ర, ఉప్పు రోట్లో దంచుతూ పోతే పల్లి నూనె బయటికొచ్చి పొడి తడిగా మెరుస్తుంది. విదేశీ సలాడ్‌లో అక్రోటు చేసే పని ఇక్కడ ఇది చేస్తుంది.

కలిపే నూనె: మూడు చెంచాల కుసుమ నూనె, ఒక చెంచా నిమ్మరసం, చిటికెడు బెల్లం, మిరియాలు. చిన్న సీసాలో పోసి గిలకొట్టింది. దానిమ్మ పులుపు ఉంది కాబట్టి నిమ్మరసం అంతకన్నా వద్దు. ఉప్పు ఇంకా వేయలేదు.

*

ఇక్కడొక పొరపాటు జరిగింది. పదకొండున్నరకు మనవరాలు ఆత్రపడి, మచ్చుకని చిన్న గిన్నెలో కలిపింది. ఆకు, పండు, నూనె, ఉప్పు. "బాపూ, వచ్చి చూడు," అని కేక వేసింది. బావకు వినబడింది కాని అప్పుడే రెండో సాంచె మీద పడుగు పోగు తెగింది. అతికి, ఇంకో దాంట్లో కండె మార్చి, చేతులు తుడుచుకుని మేడెక్కేసరికి ఇరవై నిమిషాలు. గిన్నెలో ఆకు కుంగిపోయింది. అడుగున పచ్చనీళ్లు. దానిమ్మ గింజలు ఆ నీళ్లలో మునిగి ఉన్నాయి.

పిల్ల మొహం కూడా కుంగింది. అత్త గిన్నెలో వేలు ముంచి చూసింది.

"ఉప్పు పడ్డంక ఆకు ఆగది బిడ్డా. మనుషులు ఆగుతరు గని."

సలాడ్ అనే మాట లాటిన్ ఉప్పులోంచి పుట్టింది. ఉప్పేసిన ఆకు అని దాని అర్థం. ఆ ఉప్పే దాన్ని వంటకం చేస్తుంది, ఆ ఉప్పే పది నిమిషాల్లో నీళ్లు లాగి దాన్ని చంపేస్తుంది. పప్పు కాగుతూ ఎదురుచూస్తుంది. జొన్నరొట్టె కరకరలాడేలా ఎండితే నెలరోజులైనా డబ్బాలో పడి ఉంటుంది, ఇక్కడ కడక్ భాకరీ అని పొట్లాలు కట్టి అమ్ముతారు. ఈ ఇంటి తిండి అంతా ఎదురుచూసే తిండి. పొద్దటి షిఫ్టువాళ్లు పదకొండుకు, బడి పిల్లలు ఒంటిగంటకు, బావ సాంచె వదిలినప్పుడు, అక్క ఆయన తర్వాత, అత్త అందరి తర్వాత. అయిదు పూటలుగా విడిపోయిన ఒక పూట. ఈ ఇంట్లో అందరూ ఒక్క వరసలో కూర్చుని తిన్నది మార్కండేయుడి రథం ఊరేగే నూలుపున్నమ నాడో, లేకపోతే పెళ్లికో.

మనవరాలు కాసేపు ఆ నీళ్ల గిన్నె వంకే చూసింది. తర్వాత మెట్లు దిగి కిందికి పోయింది. సాంచెల మోతలో ఏం మాట్లాడుకున్నారో మనకు వినబడదు.

ఒంటిగంటకు మోత ఒకటి తగ్గింది. తర్వాత రెండోది. మూడోది. నాలుగోది.

వినండి. పోయిందనుకున్న నిశ్శబ్దం ఎంత పెద్దగా ఉందో. గల్లీలో మిగతా ఇళ్ల సాంచెలు దూరంగా కొడుతూనే ఉన్నాయి, కాని ఈ ఇంటి నేల కదలడం మానేసింది. గోడ మీద బల్లి పలికితే వినిపిస్తోంది. కరెంటు పోకుండా సాంచెలు ఆగడం నేను ఈ ఇంట్లో ఇదే చూడటం.

చాప పరిచారు. బావ కూర్చున్నాడు, మీసాల మీద నూలు దుమ్ము. బడినుంచి వచ్చిన చిన్నోడు కూర్చున్నాడు. అక్క కూర్చుంది. మీరూ కూర్చోండి, ఇటు. మనవరాలు మధ్యలో ఇత్తడి తాంబాళం పెట్టింది. పొడి ఆకు ఎత్తుగా, గాలి ఆడేలా విదిలించి పోసింది. సీసాలో నూనె గిలకొట్టి చుట్టూ ధారగా పోసి, రెండు చేతుల వేళ్లూ విప్పి కిందినుంచి పైకి లేపింది, నలపకుండా. ఆకు మెరిసింది. జామ రేకులు నిలువుగా గుచ్చింది. తెల్ల ఉండ, ఎర్ర ఉండ, తెల్ల ఉండ. మీదినుంచి దానిమ్మ గింజలు. కడక్ రొట్టె విరిచి ముక్కలు అంచు చుట్టూ. చివరికి ఉప్పు చిప్ప చేతిలోకి తీసుకుంది. వేయలేదు.

అత్త వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది, చేతిలో మంచినీళ్ల చెంబు.

"మీరు కానియ్యిండ్రి. నేను ఎనుక తింట."

"ఎనుక ఇది ఉండది బాపమ్మా."

"పప్పు ఉంటది గదా నాకు."

పిల్ల ఉప్పు పిడికిలి మూసి అలాగే కూర్చుంది. బావ ఏమీ అనలేదు, కొంచెం జరిగి చాప మీద చోటు చేశాడు. అందరం తాంబాళం వైపు చూడటం లేదు, గడప వైపు చూస్తున్నాం. అత్త ఆకును చూసింది. దాన్ని తెంపింది తనే. ఎంతసేపు నిలబడగలదో ఆ ఇంట్లో అందరికన్నా తనకే బాగా తెలుసు.

చెంబు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, వచ్చి కూర్చుంది.

అప్పుడు పడింది ఉప్పు.

అందరి చేతులూ ఒక్కసారి తాంబాళంలోకి. మాటల్లేవు. రొట్టె విరిగిన చప్పుడు, దానిమ్మ చిట్లిన చప్పుడు. మీ నోట్లో ఇప్పుడేం జరుగుతోందో నాకు తెలుసు: ముందు చల్లదనం, తర్వాత మెంతి తీగ బిగుసుకోబోతుండగా చక్కా వచ్చి దాన్ని వదులు చేస్తుంది, పల్లికారం ఒక చురక, చివరికి ఒక గింజ పగిలి పులుపూ తీపీ. చేదు పోలేదు. వచ్చింది, పోయింది. మళ్లీ వస్తుంది.

చిన్నోడు మాత్రం ఆకు పక్కకు నెట్టి గింజలు ఏరుకుంటున్నాడు. అత్త ఒక తెల్ల ఉండను ఆకులో చుట్టింది. మూతి మడిచింది, అలవాటుగా, దారం కట్టబోయేదానిలా. వాడి నోటి దగ్గర పెట్టింది. వాడు నమిలాడు. మొహం ముడుచుకున్నాడు. మింగాడు.

"చేదున్నది," అన్నాడు.

బావ తల ఎత్తి అమ్మ చేతుల వంక చూశాడు. నవ్వాడు. "ఆకుదిరా," అన్నాడు.

తాంబాళం ఖాళీ అయ్యేసరికి పన్నెండు నిమిషాలు. అడుగున కాస్త నూనె, రెండు గింజలు. అత్త రొట్టెముక్కతో దాన్ని తుడిచింది. ఇంకెవరూ లేవలేదు కాబట్టి తనూ లేవలేదు.